బియ్యం ఇచ్చిన తీర్పు

ఎంక్వైరీ ఆఫీసర్ అనగానే నన్నేదో లాఠీ పట్టుకున్న మనిషిలా ఊహించుకోకండి. హైటెక్ సిటీలో ఒక పెద్ద కంపెనీలో నేను చేసిన ఆ ఉద్యోగం చాలా చప్పటిది. ఒకరి కార్డు ఇంకొకరు గీకి హాజరు వేయించారనో, మీటింగులో ఎవరో నోరు జారారనో, దొంగ మందుల బిల్లు పెట్టారనో ఫిర్యాదు వస్తుంది. రెండు పక్షాలనీ కూర్చోబెట్టి, చెప్పింది విని, అడగాల్సింది అడిగి, ఏం జరిగిందో రాసి ఇవ్వాలి. శిక్ష వేసే అధికారం నాది కాదు. నాకున్నదల్లా కొంచెం పెద్ద నోరు, దానికి తోడు న్యాయశాస్త్రంలో ఒక డిగ్రీ.

ఇప్పుడు రిటైరై కూకట్‌పల్లిలో ఉంటున్నాను. పొద్దున్న పార్కులో నడుస్తుంటే ఐటీ పిల్లలు కొందరు నాతో కలుస్తారు. "మేడమ్, మీ సర్వీసులో అన్నిటికంటే పెద్ద కేసు ఏదండీ?" అని అడుగుతారు. ఏదో డేటా దొంగతనం కథ చెబుతానని ఆశ. నేను బియ్యం కథ చెబుతాను. సగం వినేసరికి నవ్వుతారు, తర్వాత నవ్వడం మానేస్తారు. మీకూ అదే చెబుతున్నాను.

మా ఆఫీసులో నేనుండే పై అంతస్తులోనే పనిచేసే ఒక టీమ్ లీడ్ ఉండేది. మా గోదావరి జిల్లాల అమ్మాయే. ఒకరోజు టీమంతా బిర్యానీ తెప్పించుకుని తిన్నారు. చెయ్యి కడుక్కోవడానికి ఈ అమ్మాయి లేడీస్ బాత్రూంలోకి వెళ్లి, వేలి ఉంగరం తీసి సింకు పక్కన గట్టుమీద పెట్టింది. అంతలో ఫోను మోగింది. క్లయింటు. మాట్లాడుతూ మాట్లాడుతూ తన సీటుదాకా వచ్చేసింది. గుర్తొచ్చి వెనక్కి పరుగెత్తేసరికి గట్టుమీద ఉంగరం లేదు.

ఉంగరం అంటే ఏదో ఫ్యాషన్ ఉంగరం కాదు. అంతకుముందు ఏడాదే వాళ్లమ్మ పోయింది. ఆసుపత్రిలో అమ్మ వేలినుంచి తీసి తన వేలికి పెట్టుకున్న ఉంగరం అది. ఆ అమ్మాయి ఆ రోజు మా అంతస్తు నడవాలో కూర్చుని ఏడ్చిన ఏడుపు నేను చూశాను. నాకూ కళ్లు చెమర్చాయి. ఆమెది అబద్ధమని ఎవరూ అనలేదు, ఇప్పటికీ నేను అనను.

బాత్రూంలో కెమెరాలు ఉండవు కదా. బయట నడవాలో కెమెరా చూస్తే, ఆ కాస్సేపట్లో చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లొచ్చిన ఆడవాళ్లు బోలెడుమంది. అందరూ మెడలో కంపెనీ కార్డు వేసుకున్నవాళ్లే. ఒక్క మనిషి మాత్రం కార్డు లేని మనిషి, నీలం యూనిఫాం మనిషి. ఆ బాత్రూం శుభ్రంగా ఉంచడానికి పొద్దున్నుంచి షిఫ్టు అయ్యేదాకా అక్కడే నిలబడే హౌస్‌కీపింగ్ ఆవిడ. ఇక ఎవరి వేలు ఎటు చూపించిందో నేను చెప్పాలా?

ఆవిడ బోరబండ నుంచి లోకల్ రైల్లో వచ్చేది. మనిషి సన్నగా, మాట తక్కువగా ఉండేది. కూతురు ఇంటర్ చదువుతోందని ఒకసారి నాతో అంది. ఆమెది మా కంపెనీ ఉద్యోగం కాదు, ఒక ఏజెన్సీ కింద కాంట్రాక్టు పని. ఉంగరం పోయిన రోజే, షిఫ్టు దిగి వెళ్తుంటే, గేటు దగ్గర ఆడ గార్డు ఆమె సంచి, టిఫిన్ డబ్బా, జాకెట్టుతో సహా వెతికింది. ఏమీ దొరకలేదు. ఆ తర్వాత ఆ విషయం నా దగ్గరకు రావాలి. రాలేదు. ముందు ఇంకో కోర్టు కూర్చుంది.

మర్నాడు మధ్యాహ్నం షిఫ్టు ముగిసే వేళకు ఏజెన్సీ సూపర్‌వైజర్ నా గదిలోకి వచ్చాడు. శేరిలింగంపల్లి వాడు. వక్కపొడి నమలనిదే మాట రాదు. చెడ్డవాడు కాదు, తన కింద పనిచేసే ఆడవాళ్లకు ఒంట్లో బాగుండకపోతే తన బండిమీద దవాఖానకు తీసుకెళ్లేవాడు. కానీ కాంట్రాక్టు పోతుందనే భయం అతని ప్రాణానికి పట్టుకుని ఉండేది.

"దొంగ దొరికింది మేడం. ఇగ మీరు ఫికర్ చెయ్యకుండ్రి," అన్నాడు మొహం వెలిగిపోతూ.

"అమ్మయ్య! ఉంగరం ఎక్కడుంది?"

"ఉంగరం దొర్కలే మేడం. దొంగ దొరికింది."

"ఏమిటయ్యా నువ్వనేది?"

ఫోను తీసి ఫొటో చూపించాడు. ఒక బల్లమీద వరసగా నాలుగు పేపర్ ప్లేట్లు. ప్లేట్లలో ఏదో తెల్లగా. నాకేం అర్థం కాలేదు.

"బియ్యం మేడం. మా దిక్కు మంత్రాలేసే ఒక అయ్య ఉన్నడు, ఆయనతోని మంత్రిపిచ్చుకొచ్చిన. బేస్‌మెంట్ల మా పనోళ్లను నలుగుర్ని నిలబెట్టి తలా పిరికెడు నోట్లె ఏసి నమిలి ఉమ్మమన్న. తప్పు చెయ్యనోళ్లకు మంచిగ తడి అయితది. దొంగకు మాత్రం పిండి పిండి అయి ఎల్తది. చూడుండ్రి జర, మూడు ప్లేట్లల్ల తడి ఉంది. గీ ప్లేటు చూడుండ్రి."

చూశాను. నాలుగో ప్లేటులో పొడి పిండి.

"ఈ ప్లేటు ఎవరిదో నేను చెప్పనా?" అన్నాను.

"మీకు తెల్వనిదేముంది మేడం. బోరబండామెదే."

ఓరి నాయనో అనుకున్నాను. కిటికీ ఎదురుగా అద్దాల మేడలు, కింద మెట్రో రైలు, మధ్యలో నా టేబుల్ మీద మంత్రించిన బియ్యం. ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు అతని తర్వాతి మాటతో ఆగిపోయింది. ఆవిడ గేట్ పాస్ లాగేసుకున్నాడట. ఆమె ఫొటో, ఆ ప్లేటు ఫొటో కలిపి సూపర్‌వైజర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడట. మాదాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా ఏ భవనంలో హౌస్‌కీపింగ్ పని కావాలన్నా ఆ గ్రూపులో ఉన్న ఎవడో ఒకడి చేతిమీదుగానే దొరకాలి. ఆమెకు ఇక ఏ గేటూ తెరుచుకోదు.

"నేను బలవంతం జేసిన్నా మేడం? ఆమెనే నములుత అన్నది. నాకేం భయం, నేను తియ్యలే అన్నది. తీరా చూస్తే గిట్లయింది," అన్నాడు అతను.

అతన్ని అక్కడే నిలబెట్టి ఏకి పారేశాను. పాపం, వక్కపొడి మింగేశాడు.

ఇక్కడ కొంచెం పాత సంగతి చెప్పాలి. మా లా కాలేజీలో న్యాయచరిత్ర చెప్పే మాస్టారు ఒకాయన ఉండేవారు. అందరూ నిద్రపోయే ఆ క్లాసులో నేను కళ్లు విప్పుకుని వినేదాన్ని. 'అగ్నిపరీక్ష' అనే మాటను మీరు ఎంట్రెన్సు పరీక్షలకీ, అత్తగారింటికీ వాడేస్తున్నారు కానీ, ఒకప్పుడు అది నిజంగా కోర్టు పద్ధతి. మన ధర్మశాస్త్రాలు వాటిని దివ్యాలు అన్నాయి. మనుషుల్లో సాక్షి దొరకనప్పుడు దేవుణ్ణి సాక్షిగా పిలవడం అన్నమాట. ఎర్రగా కాలిన ఇనుము చేతుల్లో పెట్టి నడిపించడం, బాణం వేసి అది తెచ్చేదాకా నీళ్లలో ముంచి ఉంచడం, తక్కెడలో తూచడం, సలసల కాగే నేతిలోంచి నాణెం తీయమనడం, విగ్రహాన్ని కడిగిన నీళ్లు తాగించి ఆ మనిషికి ఏదైనా కీడు జరుగుతుందేమోనని కొన్నాళ్లు కాచుకు కూర్చోవడం. వాటిలో బియ్యం నమిలించడం ఒకటి. అది ప్రత్యేకించి దొంగతనానికే. మా సూపర్‌వైజర్ ఈ పుస్తకాలేవీ చదవలేదు, కానీ ఎన్ని తరాలు దాటి అతని జేబులోకి వచ్చిందో చూడండి ఆ బియ్యం!

మనవాళ్లే చాదస్తులనుకోకండి. తెల్లవాళ్లూ తక్కువ తినలేదు. ఇంగ్లండులో రొట్టె ముక్కా, జున్ను ముక్కా మింగమనేవాళ్లట, గొంతుకు అడ్డం పడితే దొంగ. కాలిన ఇనుమూ, నీళ్లూ అక్కడా ఉన్నాయి. అవి పోయింది కూడా ఎవరో శాస్త్రవేత్త వచ్చి తప్పని రుజువు చేసినందుకు కాదు. ఇనుమునీ నీళ్లనీ పవిత్రం చేసే మతగురువులు ఇకమీదట మేం రాం అన్నారు. దీవించే చెయ్యి లేకపోతే ఇనుము ఒట్టి ఇనుమే కదా. అలా అంతరించిపోయాయి.

మాస్టారు చెప్పినవాటిలో రెండు సంగతులు నాకు బాగా గుర్తుండిపోయాయి. ఒకటి, నింద వేసినవాడు ఊరికే నిలబడి వినోదం చూడటానికి లేదు. ఎదుటివాడు పరీక్షలో నెగ్గితే ఆ శిక్ష నేను పడతాను అని ముందే తల ఒప్పజెప్పాలి. రాజద్రోహంలాంటి పెద్ద నేరాలకు తప్ప ఇది తప్పనిసరి. రెండోది, ఎవరికి ఏ పరీక్ష పెట్టకూడదో కూడా రాసుకున్నారు. ఒంట్లో ఫలానా జబ్బు ఉన్నవాడికి నిప్పు వద్దు, ఊపిరి ఆడనివాడికి నీళ్లు వద్దు అని. అంటే దేవుడే తీర్పు చెబుతాడని అంటూనే, ఒంటి సంగతి కూడా లెక్కలోకి తీసుకున్నారు. అంత పాతకాలంవాళ్లు!

సరే, సూపర్‌వైజర్ని పంపించి మా సైట్ హెడ్ దగ్గరికి వెళ్లాను. ఆ భవనం మొత్తానికి ఆయనే పెద్ద. బాగా చదువుకున్నాయన, ఎప్పుడూ గొంతు పెంచేవారు కాదు. బియ్యం కథ విని నుదురు కొట్టుకున్నారు.

"హవ్వ, ఇదేం అన్యాయమండీ! మన బ్రాండ్ ఏం కావాలి? బయటికి పొక్కనివ్వకండి."

"మరి ఆవిడ సంగతి?"

"ఆవిడ మన ఎంప్లాయీ కాదు కదా మేడమ్. ఏజెన్సీ వాళ్లని ఇంకొకర్ని పంపమనండి. దీనికి మీ ఎంక్వైరీ దేనికి?"

"ఫిర్యాదు మన ఉద్యోగిది. జరిగింది మన బాత్రూంలో. నింద పడింది మన కళ్లముందు. అందుకండీ," అన్నాను.

ఆయన కొత్త దారి పట్టారు. ఎవరో ఒక కంపెనీవాళ్లు డెమో ఇచ్చారట. మాట్లాడేవాళ్ల గొంతులో వణుకును బట్టి అబద్ధమో కాదో చెప్పే సాఫ్ట్‌వేర్. "ఈ మూఢనమ్మకాలెందుకు, ఆవిడని సైంటిఫిక్‌గా టెస్ట్ చేయిద్దాం," అన్నారు.

"అయ్యా, బియ్యం కొలిచేదీ భయమే. మీ సాఫ్ట్‌వేర్ కొలిచేదీ భయమే. ఉద్యోగం పోతుందని వణికే మనిషి గొంతు వణక్క పాట పాడుతుందా? పెడితే ఆ రోజు చేతులు కడుక్కున్నవాళ్లందరికీ పెట్టండి. మీ మేనేజర్లు కూడా ఉన్నారు అందులో," అన్నాను.

మేనేజర్లు అనేసరికి ఆయన సాఫ్ట్‌వేర్ ఊసు మళ్లీ ఎత్తలేదు. "మీ ఇష్టం, త్వరగా ముగించండి," అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం ఎంక్వైరీ పెట్టాను. బోరబండ ఆవిడని పిలిపించే పని కూడా సూపర్‌వైజర్‌కే అప్పజెప్పాను. అయితే ఆమె పొద్దున్నే వచ్చేసిందట. లోపలికి రానివ్వలేదని గేటు బయట ఫుట్‌పాత్ మీద నిలబడే ఉందట. మీటింగ్ రూంలో నేను, ఆమె, సూపర్‌వైజర్, టీమ్ లీడ్. కాసేపటికి ఎందుకో సైట్ హెడ్ కూడా వచ్చి గోడ పక్క కుర్చీలో కూర్చున్నారు. ఆవిడని కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. రెండుసార్లు చెప్పాక అంచుమీద కూర్చుంది.

టీమ్ లీడ్ ముందే అంది: "మేడమ్, నాకు ఆవిడ మీద పర్సనల్‌గా ఏం లేదండి. బియ్యం అవీ నేను చెయ్యమనలేదు. నాకు మా అమ్మ ఉంగరం కావాలి, అంతే. అక్కడ ఆవిడ తప్ప ఇంకెవరూ రోజంతా ఉండరు కదండీ."

"ఉండటమే నేరమా అమ్మా? ఆమె ఉద్యోగమే అక్కడ ఉండటం," అన్నాను.

ఆవిడ వైపు తిరిగాను. అడగాల్సినవన్నీ అడిగాను. ఉంగరం చూశావా అంటే చూడలేదంది. గట్టు తుడిచావా అంటే, రష్ ఉన్నప్పుడు తుడవనివ్వరు, అందరూ పోయినంక తుడిచిన, అప్పటికి ఏం లేకుండె అంది. చెప్పినమాట మళ్లీ మళ్లీ అడిగినా మారలేదు. చివరికి తల ఎత్తి నా మొహంలోకి చూసి అంది:

"నేను తియ్యలే మేడం. మీరు గూడ బియ్యం నమల్మంటే నములుత. ఇప్పుడే నములుత."

"చూసిండ్రా మేడం, ఆమెనే అంటుంది," అని సూపర్‌వైజర్ జేబులోంచి చిన్న ప్లాస్టిక్ పొట్లం తీసి బల్లమీద పెట్టాడు. మిగిలిన బియ్యం. ప్రతి గదిలో స్క్రీన్లు వేలాడే ఆ భవనంలో, నా ఎంక్వైరీ బల్లమీద, మంత్రించిన బియ్యం! నాకు మాస్టారు గుర్తొచ్చారు.

"సరే, పాత పద్ధతే కావాలంటే పూర్తిగా పాత పద్ధతిలోనే చేద్దాం," అన్నాను. "ఆ రోజుల్లో నింద వేసినవాళ్లు ముందు తల ఒప్పజెప్పాలి. ఈవిడ నెగ్గితే ఈవిడకు వేద్దామనుకున్న శిక్ష వాళ్లకి పడుతుంది. ఇప్పుడు ఈవిడ ప్లేటు తడిగా వచ్చిందనుకోండి, తన గేట్ పాస్ ఎవరు వదులుకుంటారు? ఫొటో గ్రూపులో ఎవరిది పెట్టాలి?"

"గదెట్ల మేడం?" అని సూపర్‌వైజర్ నోరు తెరిచాడు. "నాకు పిల్లలున్నరు."

"ఆమెకూ ఉంది."

అతను బల్లమీది పొట్లాన్ని వేలితో మెల్లిగా తనవైపు జరుపుకున్నాడు. నేను పట్టుకుని ఆపాను. టీమ్ లీడ్ తల దించుకుంది. అప్పుడు ఆవిడే అంది:

"నేను నములుత మేడం. ఎవ్వరి పాస్ నాకొద్దు. కాకుంటే జర నీళ్లు తాగి నమల్నా?"

"నీళ్లెందుకు?"

"నిన్న నోరు పిడస గట్టుకపోయింది. పొద్దుగాల ఇంట్ల తాగిందే."

"మధ్యాహ్నం షిఫ్టు అయ్యేదాకా చుక్క నీళ్లు తాగలేదా?"

"రోజూ అంతే మేడం. మా ఫ్లోర్లోళ్లం తాగం."

మాస్టారు చెప్పిన రెండో సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఒంటి సంగతి. నేను కుర్చీలో ముందుకు జరిగాను.

"ఎందుకు తాగరు?"

ఆవిడ సూపర్‌వైజర్ మొహం చూసింది. అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. "తాగితే పోవాలె గద మేడం," అంది మెల్లిగా.

"పోతే ఏం? నువ్వుండేదే బాత్రూంలో."

"మేం కడిగేవాట్లల్ల మేం పోవద్దని రూలు. మాకు కింద బేస్‌మెంట్ల ఉంది, అవతలి బ్లాక్‌ల. సర్వీస్ లిఫ్ట్ కోసం నిలబడి, పోయొచ్చేవరకు మస్తు సేపయితది. గంతట్లకు ఎవరన్న ఫొటో తీసి, హౌస్‌కీపింగ్ లేదని కంప్లయింట్ పెడ్తరు. అందుకే తాగం. అలవాటయింది."

ఎన్నో ఏళ్లుగా అదే బాత్రూంకి వెళ్లొస్తున్నాను. తలుపు లోపలివైపు అంటించిన కాగితం రోజూ కళ్లపడేది. ఈ సౌకర్యం ఉద్యోగులకు మాత్రమే అని. బయటి విజిటర్ల కోసమేమో అనుకునేదాన్ని.

"నిన్న నమిలిన మిగతా ముగ్గురు ఎక్కడ పనిచేస్తారు?" అని సూపర్‌వైజర్ని అడిగాను.

"ఒకామె ప్యాంట్రీల చాయ్ పెడ్తది. ఇద్దరు బేస్‌మెంట్‌ల చేస్తరు మేడం," అన్నాడు అతను. గొంతు తగ్గిపోయింది.

ప్యాంట్రీ ఆవిడ చేతిలో ఎప్పుడూ టీ కప్పు ఉంటుంది. బేస్‌మెంట్‌వాళ్లకి బాత్రూం పక్కనే. ఆ నలుగురిలో నోరు ఎండబెట్టుకుని నిలబడింది ఈవిడ ఒక్కతే. మేమే ఎండబెట్టి, మేమే బియ్యం పోసి, మేమే దొంగ అన్నాం.

నాకు ఒళ్లు మండింది. కోపం వస్తే నాకు బుద్ధి కొంచెం వంకరగా పనిచేస్తుంది. ఒక కాగితం చించి బల్లమీద ముక్కలుగా పరిచాను. "రండి, అందరం నములుదాం. నీళ్లూ కాఫీలూ ముట్టుకోకుండా. సైట్ హెడ్‌గారూ, మీరూ రావాలి."

"నేనెందుకండీ?" అని ఆయన కుర్చీ వెనక్కి జరిపారు. అంత గాభరా ఆయన మొహంలో నేను ఎప్పుడూ చూడలేదు. ఆయన్ని వదిలేశాను. నేను నమిలి ఉమ్మాను, ఓ మాదిరి తడి. సూపర్‌వైజర్ నమిలాడు. వక్కపొడి నోరు కదా, ఎర్రగా ముద్దలా వచ్చింది. పాత శాస్త్రం ప్రకారం ఉమ్మిలో ఎరుపు కనిపిస్తే దొంగే, తెలుసా అన్నాను. "అయ్యో, గది వక్క మేడం!" అని గిలగిల్లాడాడు.

టీమ్ లీడ్ నమలనని అనలేదు. గుప్పెడు తీసుకుని నమిలింది. రెండు రోజులుగా ఏడ్చి ఏడ్చి ఉంది, అందరూ తనవైపే చూస్తున్నారు. ఉమ్మింది. పొడి పిండి.

నేను ఆ కాగితాన్ని అందరికీ కనబడేలా బల్ల మధ్యకి జరిపాను.

"అంటే, మీ అమ్మగారి ఉంగరం మీరే దొంగిలించారన్నమాట," అన్నాను.

ఆ అమ్మాయి కాగితం వైపు చూసింది, నావైపు చూసింది, తర్వాత ఆవిడ వైపు చూసింది. రెండు చేతుల్లో మొహం దాచుకుంది. అలాగే అంది: "మేడమ్, ఆ రూల్... అది పెట్టమన్న మెయిల్ మా ఫ్లోర్ నుంచే వెళ్లిందండి. వాళ్లు లోపల ఫోన్లు చూస్తూ కూర్చుంటున్నారని రాశాం. నేనూ సంతకం పెట్టాను. వాళ్లు నీళ్లు మానేస్తారని తట్టలేదండి."

సైట్ హెడ్ గొంతు సవరించుకుని ఫోను చూసుకోసాగారు. ఆ మెయిల్‌కి సరే అన్నది ఆయన ఆఫీసే.

ఉంగరం దొరికిందా అని పార్కు పిల్లలు ఇక్కడ తప్పకుండా అడుగుతారు. దొరకలేదు. ఈ రోజుకీ దొరకలేదు. సింకు గొట్టం విప్పించాను, చెత్త సంచులు వెతికించాను. ఎవరు తీశారో నాకు తెలియదు. నా రిపోర్టులో ఆ ముక్కే రాశాను, ఎవరు తీశారో తెలియలేదు, ఈమె తీసిందనడానికి ఆధారం ఏదీ లేదు అని. సైట్ హెడ్ అది చదివి, "తెలియలేదు అనేది ఒక కంక్లూజనా అండీ?" అన్నారు. "ఆ మాట రాయలేకే కదండీ మనుషులు ఇనుము కాల్చింది," అన్నాను. ఇన్నేళ్ల నా ఉద్యోగంలో నేను నేర్చుకున్నది అదే. ఏం జరిగిందో తెలియదు అని ఒప్పుకుని కూర్చోవడం చాలా కష్టం. ఆ కష్టం మనం పడలేక, అందరికంటే నోరు లేనివాళ్లని పిలిచి వాళ్ల నెత్తిన పెడతాం. సాఫ్ట్‌వేర్ కొన్నా అంతే, బియ్యం మంత్రించినా అంతే.

ఆ మధ్యాహ్నం ఆ గదిలోనే ఆవిడకు గేట్ పాస్ తిరిగి ఇప్పించాను. సూపర్‌వైజర్ నా ముందే గ్రూపులో ఆ ఫొటోలు తీసేసి, తప్పయింది, ఆమె దొంగ కాదు అని పెట్టాడు. అయిపోయిందనుకుని లేవబోతుంటే ఆవిడ కదల్లేదు.

"పని ఇచ్చిండ్రు, సంతోషం మేడం. కానీ నన్ను కింద మావోళ్లందరి ముంగట నమిలిపిచ్చిండ్రు. ఆళ్లు రేపటిసంది నా పక్కన సంచి పెట్టరు. ఆళ్ల ముంగటనే చెప్పుండ్రి."

నిజమే. తీర్పు కింద ఇచ్చి, దిద్దుబాటు పైన ఏసీ గదిలో చేస్తే ఎలా? అందరం సర్వీస్ లిఫ్ట్ కోసం నిలబడ్డాం. నిజంగానే మస్తు సేపు పట్టింది. సైట్ హెడ్ వాచీ చూసుకున్నారు.

బేస్‌మెంట్‌లో షిఫ్టు మారే వేళ. నీలం యూనిఫాం ఆడవాళ్లంతా గోడవార నిలబడి ఉన్నారు. ఈవిడని చూడగానే మాటలు ఆపేశారు. నాకు ఉపన్యాసాలు రావు. "ఉంగరం ఎవరు తీశారో మాకు తెలియదు. ఈవిడ తీసిందనడానికి ఏమీ లేదు. ఈవిడని దొంగ అన్నది తప్పు," అన్నాను. టీమ్ లీడ్ ముందుకొచ్చి, "సారీ అక్కా," అంది.

వరసలోంచి ఒక పెద్దావిడ అడిగింది, ఎకసెక్కంగా కాదు, నిజంగా తెలుసుకుందామని:

"మరి బియ్యం గట్లెందుకొచ్చినయ్ మేడం?"

"ఈమె నీళ్లు తాగలేదు కాబట్టి. బియ్యానికి తెలిసింది అంతే," అన్నాను.

ఆ పెద్దావిడ తన సంచిలోంచి నీళ్ల సీసా తీసి, మూత విప్పి, ఈవిడ చేతికిచ్చింది. ఈవిడ తల పైకెత్తి గటగటా తాగింది. సగం సీసా ఖాళీ చేసి, ఊపిరి తీసుకుని, మిగతా సగం కూడా తాగింది. అప్పటిదాకా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది.

సూపర్‌వైజర్ మాత్రం మారలేదు. పైకి వస్తుంటే నా చెవి దగ్గర చేరి, "బియ్యం తప్పు చెప్పదు మేడం. ఆ అయ్య మంత్రం సరిగ సదవలేదేమో," అన్నాడు.

పై అంతస్తుకు రాగానే నేను సరాసరి లేడీస్ బాత్రూంలోకి వెళ్లి, తలుపుకు అంటించిన ఆ కాగితాన్ని గోటితో గీకి గీకి పీకేశాను. రూలు మార్చే అధికారం నాకు లేదు, తర్వాత దానిమీద రెండు మీటింగులు జరిగాయి, చివరికి మారింది. ఆ రోజుకి మాత్రం కాగితం పీకడమే నా చేతిలో ఉంది. ఆవిడ బకెట్, మాపు పట్టుకుని నా వెనకే వచ్చి నిలబడింది. ఖాళీ తలుపు వైపు చూసింది.

"పోనా మేడం?" అంది.

"అడగడం దేనికి తల్లీ? వెళ్లు."

మాపు గోడకు ఆనించి లోపలికి వెళ్లింది. రోజూ తను కడిగే ఆ గదిలో, లోపలినుంచి గడియ పెట్టుకున్న చప్పుడు వినబడింది. ఆ వేళ ఇంకెవరూ లోపలికి రాకుండా నేనే బయట నిలబడ్డాను.